గూటికి గజం దూరంలో

ఆ డిసెంబరు వరకూ నేను ఆ పిట్టను కళ్లతో చూడలేదు. దాని గొంతు మాత్రం అప్పటికే ఆరేళ్లుగా రోజూ వింటున్నాను.

అడిలైడ్‌లో, మాసన్ లేక్స్‌లో మా ఇల్లు. అక్కడి నుంచి యూనివర్సిటీకి నడిచే వెళ్తాను. కిటికీ లేని చిన్న గది, రెండు స్క్రీన్లు, చెవులకు హెడ్‌ఫోన్లు. టాస్మేనియా దీవి నడిమధ్యలో వెయ్యి మీటర్లకు పైన ఒక పీఠభూమి ఉంది. నిండా చిన్న చిన్న చెరువులు, నల్లబండలు, మోకాలెత్తు పొదలు. అక్కడ గుంజలకు కట్టిన రికార్డర్లు ఏడాది పొడవునా చుట్టూ వినిపించే ప్రతి శబ్దాన్నీ పట్టుకుంటాయి. వాటి మెమరీ కార్డులు మా దగ్గరికి వస్తాయి. నేను రాసిన ప్రోగ్రామ్ ఆ గాలి హోరులోంచి ఒక పిట్ట కూతను వెతుకుతుంది. అది సరిగ్గా పట్టుకుందో లేదో నేను చెవులతో విని తేల్చాలి.

ఆ పిట్ట పేరు ఫైర్‌టెయిల్. ఫించ్ జాతి. మన వైపు జొన్నచేల మీద వాలే జినువాయి పిట్టలకు దూరపు చుట్టం. టాస్మేనియాలో సహజంగా ఉండే ఫించ్ ఇదొక్కటే. సముద్రం పక్కన చిత్తడి పొదల్లోనూ ఉంటుంది కానీ, మేము చూస్తున్నది పైన, మంచు పడే చోట కాపురముండే వాటిని. కింద అంత తిండి ఉండగా ఆ చలిలో అవి ఎందుకుంటున్నాయి, ఎన్ని మిగులుతున్నాయి, ఎన్ని దిగిపోతున్నాయి అన్నదే మా పని.

ఈ పని మొదలుపెట్టింది మా ప్రొఫెసర్. అరవై ఏడేళ్ల మనిషి, పొడుగు, ఎండకూ గాలికీ ముడతలు పడిన ముఖం. అక్కడ అందరూ ఆవిడను పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాలేదు. కడప కాలేజీలో పడిన అలవాటు, మేడమ్ అనేదాన్ని. ఆవిడ మొదట్లో విసుక్కునేది, తర్వాత వదిలేసింది. ఏటా డిసెంబరులో, అవి గూళ్లు పెట్టే కాలంలో, ఆవిడ పైకి వెళ్లి వారం రోజులు ఉండి కార్డులు మార్చుకుని వచ్చేది. తోడు ఒక పరిశోధక విద్యార్థిని వెళ్లేది. ఆ ఏడు ఆ అమ్మాయికి ఏడో నెల.

నన్ను రమ్మని అడిగింది ఆవిడ. నేను వెంటనే రానన్నాను. నాకు భయాలు ఎక్కువ. నీళ్లంటే భయం, ఎత్తంటే భయం, హైవే మీద కారు నడపడమంటే భయం. పద్దెనిమిదేళ్లుగా ఆస్ట్రేలియాలో ఉండి ఒక్క రాత్రి టెంట్‌లో పడుకోలేదు. మా ఆయనా, పదకొండో తరగతి చదివే మా అమ్మాయీ క్యాంపింగ్‌కు వెళ్తే నేను ఇంట్లో ఉండి వాళ్లు తిరిగొచ్చే దాకా ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని.

ఆవిడ తలుపు మూసి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. తనకు ఆ పిట్ట కూత వినపడటం మానేసి నాలుగేళ్లయిందని చెప్పింది. వయసు వల్ల సన్నటి శబ్దాలు ముందుగా పోతాయట. మాటలు బాగానే వినిపిస్తాయి, వాన చప్పుడు వినిపిస్తుంది, ఫైర్‌టెయిల్ వినపడదు. ఇన్నాళ్లూ ఆ విద్యార్థిని చెవుల మీద నెట్టుకొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. వచ్చే ఏడు రిటైర్ అవుతోంది, ఇదే ఆఖరి ప్రయాణం.

"నీకంటే బాగా దాన్ని విన్నవాళ్లు ఈ దేశంలో లేరు" అంది. పొగడ్తలా అనలేదు. వస్తానన్నాను.

వెళ్లే ముందు పది రోజులు సరిగా తినలేదు. మా ఆయన కొత్త బూట్లు, రెయిన్ జాకెట్, ఉన్ని బనియన్లు కొనిపెట్టి, వాటిని వేసుకుని ఇంట్లో తిరగమనేవాడు. ఇండియన్ షాపులో పల్లీ చిక్కీలు ఓ సంచీడు కొన్నాను. ఎందుకంత అంటే చెప్పలేకపోయాను. ఏదైనా జరిగితే తినడానికి అనుకున్నాను, కానీ పైకి అంటే అది నిజమవుతుందేమోనని అనలేదు.

టాస్మేనియాలో, లాన్‌సెస్టన్ ఊళ్లో విమానం దిగి, అద్దెకారు తీసుకుని పైకి ఎక్కాం. ఆవిడే నడిపింది. చెరువు ఒడ్డున చేపలు పట్టేవాళ్లు కట్టుకున్న రేకుల గుడిసె ఒకటి మాకు బస. మొదటి రెండు రోజులూ ఎండ కాసింది. వేసవి కదా, భయపడాల్సిందేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాను. ఎటు చూసినా ఒకేలా ఉంటుందక్కడ. అదే నల్లబండ, అదే చెరువు, అదే గాలికి వంగిన చెట్టు. దారి అంటూ ఉండదు. ఆవిడ ముందు నడుస్తుంటే ఆవిడ వీపు సంచీ మీది ఎర్ర పట్టీ మీద నుంచి చూపు తిప్పలేదు.

మొదటి రోజే పిట్టను చూశాను. చెరువులోకి పారే చిన్న కాలువ పక్కన గడ్డి కంకుల మీద వాలి ఉంది. అరచేతిలో ఇమిడిపోయేంత పిట్ట. దూరానికి మామూలు గోధుమ రంగు పిచ్చుకలా ఉంది. బైనాక్యులర్స్‌లో చూస్తే కడుపంతా సన్నటి నలుపు తెలుపు గీతలు, నేతచీర అంచులా దగ్గర దగ్గరగా. కళ్ల చుట్టూ నల్లటి గంత కట్టినట్టు, అందులో లేతనీలం వలయం. ముక్కు ఎరుపు, నడుము చివర ఎరుపు. ఎగిరినప్పుడు మాత్రం ఆ ఎరుపు నిప్పురవ్వలా కనిపించి మళ్లీ పొదలో ఆరిపోయింది. పక్కనే ఇంకొకటి. ఇవి గుంపులు కట్టవు, ఏడాదంతా జంటగానే తిరుగుతాయి అని ఆవిడ చెప్పింది. ఒకటి పొదలోకి వెళ్లి కనిపించకపోతే రెండోది సన్నగా, ఏడుపులాగా సాగదీసి పిలుస్తుంది. నేను ఆరేళ్లుగా హెడ్‌ఫోన్లలో వింటున్నది ఆ పిలుపే. అది ఇంకొకరి కోసం వెతుక్కోవడం అని అప్పటిదాకా నాకు తెలియదు.

నేను వినగానే చెయ్యెత్తేదాన్ని, ఎటువైపో వేలు చూపేదాన్ని. ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకునేది. ఆవిడ ముఖం చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

మూడో రోజు అన్నిటికంటే దూరం ఉన్న చోటికి వెళ్లాలి. రెండున్నర గంటల నడక. సాయంత్రానికి వాతావరణం మారుతుందని, తొమ్మిది వందల మీటర్లకు పైనంతా మంచు పడొచ్చని రేడియోలో చెప్పారు. డిసెంబరులో మంచేంటని అడిగాను. అక్కడ ఏ నెలలోనైనా పడుతుందట. రేపు వెళ్దామన్నాను. రేపూ ఎల్లుండీ ఇంకా అధ్వాన్నమట. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగి వచ్చేద్దామంది. వాతావరణం ఎప్పుడు మారుతుందో ఆవిడకు తెలుసు కదా అనుకున్నాను.

అక్కడికి చేరేసరికి పదకొండు. స్కోపారియా అని ఒక ముళ్లపొద, నడుమెత్తు నుంచి తలెత్తు దాకా పెరిగి, చెయ్యి దూరనివ్వనంత దట్టంగా ఉంటుంది. దాని లోపల ఫైర్‌టెయిల్ గూడు. ఆవిడ కొమ్మలు కొంచెం పక్కకు జరిపి చూపించింది. పచ్చి గడ్డి పోచలతో అల్లిన పెద్ద సీసాను అడ్డంగా పడుకోబెట్టినట్టుంది. ఒక పక్కన చేతి పొడవు సొరంగం, అదే వాకిలి. లోపల ఈకల పరుపు. పిల్లలు అయిదో ఆరో ఉన్నట్టు చప్పుడు. రికార్డర్ గుంజ ఆ పొదకు పది అడుగుల్లో ఉంది. కార్డు మార్చి, బ్యాటరీ మార్చి లేచేసరికి అటు పక్క చెరువు కనిపించడం లేదు.

మబ్బు పై నుంచి రాలేదు, పక్క నుంచి వచ్చింది. గోడలా. అయిదు నిమిషాల్లో మా చుట్టూ ఇరవై అడుగులు మిగిలింది. గాలి ఒక్కసారిగా చల్లబడి, వానా మంచూ కలిసిన సన్నటి ముద్దలు ముఖానికి కొట్టడం మొదలైంది. ఆవిడ జీపీఎస్ తీసి, పద అంది. కంగారు పడలేదు. కానీ మామూలు కంటే వేగంగా నడిచింది. ఆ ఎర్ర పట్టీ వెనకే నేను దాదాపు పరుగెత్తాను.

పొద దాటి కొంత దూరం పోగానే బండలు పరుచుకున్న చోటు ఒకటి దాటాలి. వచ్చేటప్పుడు పొడిగా ఉంది. ఇప్పుడు తడిసి, సబ్బు రాసినట్టు. ఆవిడ నాలుగో బండ మీద కాలు పెట్టింది. జారిన చప్పుడు నాకు వినపడలేదు. ఎర్ర పట్టీ నా ఎదుట లేదు, అంతే. రెండు బండల మధ్య పక్కకు పడి ఉంది. కుడికాలు తొడ దగ్గర నుంచి ఉండకూడని వైపు తిరిగి ఉంది.

ఆవిడ అరవలేదు. పళ్లు బిగపట్టి చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. తర్వాత తన సంచీ పై జేబులో పసుపుపచ్చ డబ్బా ఉంటుంది తియ్యమంది. ఆపద వస్తే నొక్కే బీకన్ అది. యాంటెన్నా విప్పి, మూత కింద బొత్తాం నొక్కాలి. నా వేళ్లు రెండుసార్లు జారాయి. మూడోసారి దీపం మిణుకుమిణుకుమంది.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాను.

"ఎక్కడో ఎవరికో తెలుస్తుంది."

"వాళ్లు జవాబిస్తారా?"

"లేదు. అది పంపుతుంది, అంతే. దానికి వినడం రాదు."

ఈ మబ్బులో హెలికాప్టర్ రావడం కుదరదని, మనుషులే నడిచి రావాలని, అంటే అయిదారు గంటలని ఆవిడే లెక్క చెప్పింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. నేను వెళ్లి ఎవరినైనా తీసుకురానా అని అడిగాను. వద్దంది. నువ్వు వంద గజాలు పోతే నిన్ను కూడా వెతకాలి అంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ మాటకు నాకు ఎంతో ఊరట కలిగింది.

అరగంట గడిచేసరికి ఆవిడ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. బండల మీద గాలి మమ్మల్ని నిలువునా కోస్తోంది. సంచీలో నారింజ రంగు ప్లాస్టిక్ గోతం ఉంది, మనిషి దూరేంత, ఇలాంటప్పటి కోసమే. దాన్ని విప్పితే గాలికి జెండాలా కొట్టుకుపోతోంది. ఇక్కడుంటే ఈవిడ బతకదు అని నాకు తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పలేను. చుట్టూ చూస్తే, మబ్బులో లీలగా కనిపిస్తున్నది ఆ స్కోపారియా పొదల గుంపొక్కటే. అంత చిన్న పిట్ట పిల్లల్ని పెట్టుకుని ఉంటోందంటే అక్కడ గాలి తగలదు.

చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అక్కడ గూడుంది. మనం పక్కనుంటే అవి లోపలికి రావు. ఈ చలిలో గంటన్నర తిండి లేకపోతే పిల్లలు పోతాయి."

"మేడమ్, లేవండి."

"వద్దు. ముప్పై ఏళ్లుగా నేను ఏ గూటినీ..."

నేను ఆవిడ మీద కేకలేశాను. "మీరు చచ్చిపోతే ఇక్కడ నేను ఒక్కదాన్నే ఉండాలి. నేను ఉండలేను. మీ పిట్టల సంగతి నాకు తెలియదు."

ఆవిడ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చంకల కింద చేతులు వేసి లాగాను. ముప్పై, నలభై అడుగులు ఉంటుందేమో. ప్రతి అడుగుకూ ఆవిడ గొంతులోంచి వచ్చిన చప్పుడు నేనిక్కడ రాయను. పొద అవతలి వైపు, కింద కొమ్మలు లేని చోట, గుహలాంటి ఖాళీ ఉంది. సంచీలు నేల మీద పరిచి, ఆవిడను వాటి మీదికి చేర్చి, గోతం తొడిగి, నేనూ అందులో దూరాను. ముళ్లు రెండు చేతులనూ గీరేశాయి. అప్పుడు తెలియలేదు. గాలి నిజంగానే మా నెత్తి మీంచి పోతోంది. గూడు నా తలకు గజం దూరంలో ఉంది.

ఫ్లాస్క్‌లో టీ సగముంది. గుక్కెడు గుక్కెడుగా తాగించాను. చిక్కీలు కొరికి, ముక్కలు చేసి నోట్లో పెట్టాను. నమలడానికి ఆవిడకు దవడ వశంలో లేదు. నోట్లో చప్పరించమన్నాను. ఆవిడను నిద్రపోనివ్వకూడదని మాత్రం తెలుసు. పిట్టల గురించి అడిగాను, అదొక్కటే ఆవిడను లేపి ఉంచుతుందని. గుడ్ల మీద ఎవరు కూర్చుంటారని అడిగాను. ఇద్దరూ, వంతులేసుకుని అంది. ఎన్ని రోజులు అంటే వేళ్లు లెక్కపెట్టబోయి మరిచిపోయింది. వెంటనే ఇంకోటి అడిగాను, చలికాలం ఎక్కడుంటాయని. చలికాలం కూడా ఇవి గూళ్లు కడతాయని, పిల్లల కోసం కాదు, రాత్రి పడుకోవడానికి, అని చెప్పింది. ఆ వాక్యం పూర్తి చేయడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు పిలుపు వినిపించింది. కాలువ వైపు నుంచి, సన్నగా, సాగదీసి. కొంచెంసేపటికి ఇంకో పక్క నుంచి రెండోది. జంట రెండూ బయటే ఉన్నాయి. పొద చుట్టూ తిరుగుతున్నాయి. లోపలికి రావడం లేదు. గూట్లో పిల్లల చప్పుడు గంట క్రితం కంటే తగ్గింది.

"ఏం చేస్తున్నాయి?" అంది ఆవిడ. పెదాలు నీలంగా ఉన్నాయి.

"పిలుస్తున్నాయి. రెండూ."

"దగ్గరగానా?"

దగ్గరగానే అన్నాను. కదలొద్దంది. అదొక్కటే స్పష్టంగా అంది. మేం కదలకుండా ఉన్నాం. గోతం మీద మంచు పేరుకోవడం మొదలైంది. ఆవిడ వణుకు నా ఒంటికి తెలుస్తోంది. నా వణుకు ఆవిడకు తెలుస్తుండాలి. ఎంతసేపో తెలియదు. కంటి చివర ఎర్రగా ఏదో మెరిసింది. తడిసి ముద్దయిన పిట్ట ఒకటి నా ముఖానికి ఎదురుగా కొమ్మ మీద వాలింది. ఈకలన్నీ ఉబ్బించి బంతిలా ఉంది. కన్ను చుట్టూ ఆ నీలం వలయం. నన్నే చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. అది కూడా భయపడుతోందని, నన్ను చూసే భయపడుతోందని తెలుస్తూనే ఉంది. ఓ అంగుళం జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. ఒక్కసారిగా సొరంగంలోకి దూరిపోయింది. లోపల పిల్లలు గోల పెట్టాయి.

"వెళ్లింది మేడమ్. లోపలికి వెళ్లింది" అన్నాను ఆవిడ చెవిలో.

చూస్తే ఆవిడ వణకడం లేదు.

దాన్ని మించిన భయం నా బతుకులో లేదు. వణుకు ఆగితే మంచిది కాదని ఎక్కడో చదివాను. ఆవిడ చేయి జాకెట్ జిప్ దగ్గర తడుముతోంది. అంత చలిలో, ఉక్కగా ఉంది, విప్పెయ్యాలి అంటోంది. రెండు చేతులూ పట్టుకుని నా చంకల్లో పెట్టుకున్నాను. నన్ను ఎవరో అనుకుని, నాకు తెలియని పేరుతో పిలిచింది. ఊ అన్నాను. ఆ తర్వాత జరిగినవి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. ఆవిడతో ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. పిట్టలు వస్తూ పోతూ ఉన్నాయి. మా అమ్మాయి పరీక్ష ఫలితాలు ఆ వారంలోనే రావాలి. వచ్చినప్పుడు నేను ఉంటానో ఉండనో అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

ఈల వినిపించింది. మొదట పిట్ట అనుకున్నాను. మళ్లీ వినిపించింది, మూడుసార్లు వరుసగా. ఆవిడ సంచీ పట్టీకి ప్లాస్టిక్ ఈల కట్టి ఉంది. నోట్లో పెట్టుకుని ఊదితే మొదట గాలే వచ్చింది. తర్వాత వచ్చింది. ఊదుతూనే ఉన్నాను. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు నా భుజం పట్టుకుని, ఇక చాలు, ఆపమని చెప్పేదాకా ఊదాను. నలుగురు. ఇంకా పగటి వెలుతురు ఉంది. డిసెంబరులో అక్కడ తొమ్మిది దాకా చీకటి పడదు. టైమెంత అంటే ఆరూ ఇరవై అన్నారు. ఆవిడకు వేడి ప్యాకెట్లు కట్టి, కాలికి దబ్బలు కట్టారు. గంట తర్వాత మబ్బు కాస్త విడివడితే హెలికాప్టర్ దిగింది. నన్ను ఎక్కించేటప్పుడు, గూడు తొక్కకండి అని అరుస్తున్నానట. అది నాకు గుర్తు లేదు. వాళ్లలో ఒకాయన తర్వాత చెప్పాడు.

ఆవిడ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఇంకో గంటయితే కష్టమయ్యేదని డాక్టర్ నాతో అనలేదు, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలితో అంటుంటే విన్నాను. మా ఆయన మర్నాడు మొదటి విమానంలో వచ్చాడు. నా చేతుల్లో ముళ్లు తీస్తూ కూర్చున్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో, "మమ్, ఆర్ యూ రియల్లీ ఓకే?" అని నాలుగుసార్లు అడిగింది. ఓకే అన్నాను. రెండు వారాలు స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకోలేకపోయాను.

ఫిబ్రవరిలో ఆ రికార్డర్ కార్డు నా టేబుల్ మీదికి వచ్చింది. ఇంకెవరో వెళ్లి తెచ్చారు. పొదకు పది అడుగుల్లో ఉన్న రికార్డర్. ఆ రోజంతా అది వింటూనే ఉంది. ఆ ఫైలు తెరవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆవిడతో నేను ఇంగ్లిష్‌లో, ధైర్యంగా, నెమ్మదిగా మాట్లాడాననే నా నమ్మకం. హెడ్‌ఫోన్లలో వినిపించింది వేరు. అంతా తెలుగు. మా ఇంట్లో కూడా మాట్లాడటం మానేసిన కడప తెలుగు. "లెయ్‌మ్మా, నిద్ర పోగాకు. కండ్లు తెరువు. ఇంత మొండిదానివి ఏందమ్మా నువ్వు. నాకు భయమైతాంది, మాట్లాడ్తా ఉండు." ఆవిడను నువ్వు అంటున్నాను, తిడుతున్నాను, బతిమాలుతున్నాను. మధ్య మధ్య ఆవిడ ఇంగ్లిష్‌లో అర్థమైనట్టే జవాబిస్తోంది. యెస్, యెస్, ఐ నో అంటోంది.

అది కాదు నన్ను భయపెట్టింది. సాయంత్రం అయిదున్నర దాటాక నా గొంతు ఆగిపోయింది. ఆవిడ గొంతు అంతకు ముందే ఆగింది. ఈల ఊదేదాకా నలభై నిమిషాల పాటు ఇద్దరి నుంచీ ఒక్క మాట లేదు. అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నానని నేను ప్రమాణం చేసి చెప్పగలను. లేదు. నేనూ ఎటో పోతూ ఉన్నాను, నాకే తెలియకుండా. హెడ్‌ఫోన్లు తీసి, బయటికి వెళ్లి, కార్ పార్క్‌లో ఎండలో నిలబడ్డాను. నలభై డిగ్రీల ఎండ. ఒళ్లంతా చల్లగా ఉంది.

మర్నాడు మళ్లీ విన్నాను. పని కదా. ఆ నలభై నిమిషాల్లో ఉన్నది గాలి, గోతం మీద మంచు రాలే చప్పుడు, ఆ జంట. మేం చడీచప్పుడు లేకుండా పడి ఉన్నామని అవి ధైర్యం తెచ్చుకుని గూట్లోకి ఆరుసార్లు వెళ్లాయి. వెళ్లినప్పుడల్లా పిల్లల గోల. ఒక్కోసారి అది మా ఇద్దరి ఊపిరి కంటే గట్టిగా ఉంది. జనవరి ఫైళ్లలో, అదే చోట, ఇంకా గొంతు కుదరని పిల్లపిట్టల కూతలు దొరికాయి. కనీసం మూడు వేర్వేరువి అని నా లెక్క. ఎన్ని పోయాయో తెలియదు.

ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి చెప్పాను. పిల్లపిట్టలు ఎన్నో రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, ఆ రోజు ముందే వాతావరణం చూసి ఆగిపోవలసింది, ఆఖరి ప్రయాణమని తొందరపడ్డాను అంది. నన్ను క్షమించమని అడిగింది. ఆవిడ తప్పేమీ లేదని అనలేకపోయాను, ఎందుకంటే ఉంది. మీరు చెవి మిషన్ పెట్టించుకున్నారా అని అడిగాను. పెట్టించుకుంది, కానీ దాంట్లో కూడా ఫైర్‌టెయిల్ రాదట. ఆవిడ ఇప్పుడు చెల్లెలి దగ్గర ఉంటోంది, చేతికర్రతో నడుస్తోంది. రెండు నెలలకోసారి ఫోన్ చేస్తుంది. పిట్టల సంగతులు అడుగుతుంది, నేను చెప్తాను. మేడమ్ అంటే ఇప్పుడు అసలు విసుక్కోదు.

మరుసటి డిసెంబరుకు పైకి ఎవరు వెళ్లాలి అన్నప్పుడు నేను వెళ్లనన్నాను. ఆ పై ఏడు, రోడ్డుకు దగ్గరున్న రెండు చోట్ల దాకా వెళ్తానన్నాను. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు. నేను బండ మీద కాలు పెట్టే ముందు మూడుసార్లు తడిమి చూస్తుంటే పక్కనే నిలబడ్డాడు. ఎండ కాస్తోంది, మబ్బు ఛాయ లేదు. అయినా గంటలో నాలుగుసార్లు ఆకాశం చూశాను. పిట్ట పిలిచింది, చెయ్యెత్తాను, ఆయన రాసుకున్నాడు. మధ్యాహ్నం రెండు కాకముందే కారెక్కేశాం.

ధైర్యం వచ్చిందా అని మా అమ్మాయి అడిగితే, రాలేదని చెప్పాను. ఈ ఏడు కూడా టికెట్లు తీసుకున్నాం. ఇంకా మూడు వారాలుంది. నిన్నటి నుంచే నాకు అన్నం సయించడం లేదు.